కోలిస్టిన్ స్థానంలో కొవ్వు ఆమ్లాలు: ఆశకు హద్దులు తెలియాలి

ఆహారం కోసం పెంచే పశువులు, కోళ్లు, ఆక్వా సాగు, దాణా అనుబంధాల కొరకు కోలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని, పంపిణీని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. ఇతర మందులకు లొంగని బాక్టీరియా సోకిన రోగులకు వైద్యులు చివరగా ఆశ్రయించే ఔషధమిది. దీనికి నిరోధకతనిచ్చే ఎం.సి.ఆర్-1 జన్యువు ఒక బాక్టీరియా నుండి మరొక దానికి సంక్రమించగలదని 2015లో చైనా శాస్త్రవేత్తలు వెల్లడించారు. కనుక నిషేధం సమంజసమే. అయితే దాణాలో ఆ మందును మానుకొన్న కోళ్ల రైతుకు బదులుగా ఏమి సూచించాలన్నది పరిశోధకుల ముందున్న ప్రశ్న.

కొవ్వు ఆమ్లాల పేరు ఇక్కడే తరచుగా వినవస్తున్నది. ఇవి బాక్టీరియా కణత్వచంలోకి చొచ్చుకొనిపోయి దానిని ఛిద్రం చేస్తాయి. శక్తి ఉత్పత్తికి అడ్డుపడతాయి. ఒకే ఎంజైముపై పనిచేసే మందుకు ఒక్క ఉత్పరివర్తనంతోనే నిరోధకత రావచ్చును. త్వచాన్ని దెబ్బతీసే పదార్థానికి అది అంత సులభంగా రాదు. అసలు రాదనీ చెప్పలేము. స్టాఫిలోకాకస్ ఆరియస్ వంటివి కొవ్వు ఆమ్లాలను బయటకు తోడివేసే ప్రొటీన్లను కలిగి ఉన్నాయి.

కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. అంతమాత్రాన నూనెను దాణాలో కలిపితే మందు కాబోదు. నూనెలో ఈ ఆమ్లం గ్లిజరాల్‌తో బంధితమై ఉంటుంది. లైపేజ్ ఎంజైము విడదీసిన తరువాతనే బాక్టీరియాపై ప్రభావం చూపుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. లారిక్ ఆమ్లం, మోనోలారిన్ ప్రధానంగా క్లాస్ట్రీడియం వంటి గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాను అణచివేస్తాయి. కోలిస్టిన్ పనిచేసేది ఇ.కోలై, సాల్మొనెల్లా వంటి గ్రామ్ నెగటివ్ వాటిపై. వాటి వెలుపలి త్వచం లారిక్ ఆమ్లాన్ని చాలావరకు అడ్డుకొంటుంది. కాబట్టి మోనోలారిన్‌ను కోలిస్టిన్‌కు ప్రత్యామ్నాయమని రైతుకు అమ్మడం శాస్త్రసమ్మతం కాదు. ఆ పనికి కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలను పరీక్షించవలసి ఉన్నది. ఇవి కూడా చిన్నపేగు పైభాగంలోనే శోషణ చెందుతాయి కనుక, సాల్మొనెల్లా నివసించే అంధనాళం వరకు చేరాలంటే తగిన పూత అవసరం.

ఏ ఆమ్లం, ఏ రూపంలో, ఎంత మోతాదులో, ఏ బాక్టీరియాపై అన్నది తేలకుండా సిఫార్సు చేయరాదు. మన విశ్వవిద్యాలయాలు రైతుల షెడ్లలోనే ప్రయోగాలు చేపట్టి మరణాల శాతం, దాణా మార్పిడి నిష్పత్తి, అంధనాళంలోని బాక్టీరియా సంఖ్య, నిరోధకత, ఖర్చు నమోదు చేయాలి. విఫలమైన ఫలితాలనూ ప్రకటించాలి. అంతవరకు పరిశుభ్రమైన నీరు, పొడి లిట్టరు, సకాలంలో టీకాలే రైతుకు మనం నిస్సంకోచంగా చెప్పగల సలహా.