ఏ గట్టోళ్లు మీరు?

భద్రాచలం చుట్టుపక్కల కోయగూడేల్లోకి కొత్తగా ఓ కుర్రాడు వచ్చాడంటే పెద్దలు ముందుగా అడిగేది అతని ఉద్యోగం గురించి కాదు, చదువు గురించీ కాదు.

‘ఏ గట్టు బిడ్డా మీది?’

‘నాలుగో గట్టు తాతా.’

‘మాదీ అదే. అయితే అన్నదమ్ములమే. మా ఇంట్లో పిల్లనడగడానికి మాత్రం రాకు!’

నవ్వులాటగా అన్నా, ఆ మాట వెనక తరాల లెక్క ఉంది. కోయల్లో మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉంటాయి. ఒక్కో గట్టు కింద కొన్ని ఇంటిపేర్లు. ఆ ఇంటిపేర్ల వాళ్లంతా ఒక తల్లి బిడ్డల్లాంటివాళ్లు. పెళ్లి కుదరాలంటే గట్టు వేరు కావాలి. కాబట్టి వంశం తెలియకపోతే అక్కడ పెళ్లి మాటే కదలదు.

మరి పట్నాల్లో ఉన్నవాళ్ల సంగతి? తాత పేరు ఠక్కున చెబుతారు. ముత్తాత పేరంటే కాస్త ఆలోచిస్తారు. ముత్తాత తండ్రి ఎవరంటే... ఇంట్లో పెద్దవాళ్లకు ఫోను చేయాల్సిందే. ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరో చెప్పగలిగేవాళ్లు ఇంకా తక్కువ.

పాశ్చాత్య దేశాల్లో పూర్వీకుల్ని వెతకడం చాలామందికి సరదా. అక్కడ చర్చి రిజిస్టర్లుంటాయి, జనాభా లెక్కలుంటాయి. ఇంటింటి వివరాల్ని బ్రిటన్‌లో వందేళ్లకు, అమెరికాలో 72 ఏళ్లకు బయటపెడతారు. మన దగ్గర ఆ దారి లేదు. జనాభా లెక్కల్లో ఎవరేం చెప్పారన్నది 1948 నాటి సెన్సస్ చట్టం ప్రకారం రహస్యం. ఎవరికీ చూపించరు, సాక్ష్యంగానూ చెల్లదు.

అందుకని ఈ అడవి అంచున వంశవృక్షం పుస్తకంలో పెరగలేదు. గుడ్డ మీదా గొంతులోనూ పెరిగింది.

ఆ గుడ్డ పేరు పడిగె. జెండాలా త్రికోణంగా ఉంటుంది. దాని మీద వేల్పుల బొమ్మలు, మూలపురుషుల బొమ్మలు ఉంటాయి. కొలుపుల నాడు దాన్ని బయటికి తీస్తారు. డోలి కోయలు డోలు వాయిస్తూ, ఆ బొమ్మల్ని చూస్తూ కథ చెబుతారు. ఎవరికి ఎవరు పుట్టారు, ఎక్కణ్నుంచి ఎక్కడికి వచ్చారు, ఎవరితో వియ్యమందారు... అన్నీ అందులోనే. చూసేవాళ్లకు అది బొమ్మల గుడ్డ. ఆ గట్టువాళ్లకు మాత్రం రిజిస్టరు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య అలాంటి డోలి కళాకారుడే. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథల్ని కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవాడు. 2022లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ఒక మనిషి పోతే ఇంటివాళ్లకే లోటు అంటారు. డోలి చెప్పే మనిషి పోతే ఎన్నో గూడేలకు తమ తాతల పేర్లు చెప్పే గొంతు పోయినట్టే.

ఇలాంటి గొంతు కోసమే ఓ అమెరికన్ నల్లజాతి రచయిత సముద్రాలు దాటాడు. అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’ 1976లో వచ్చింది. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ ఇక్కడి ఇళ్లలోనూ చోటు సంపాదించుకుంది. గాంబియా దేశంలోని జుఫురే అనే పల్లెలో వంశచరిత్రలు చెప్పే గ్రియో నోట తన పూర్వీకుడి పేరు విన్నానని హేలీ రాశాడు. తర్వాత పరిశోధకులు వెళ్లి ఆరా తీస్తే ఆ కథనంలో చాలా అనుమానాలు తేలాయి. పుస్తకం విలువ తగ్గలేదు కానీ ఒక సంగతి తేటతెల్లమైంది. విన్నదానికి కాగితం తోడుండాలి. కాగితానికి చెప్పే మనిషి తోడుండాలి.

కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ ముందుగా అడగాల్సింది ‘గోదారికి ఏ ఒడ్డు?’ అని. మణుగూరు, అశ్వాపురం, బూర్గంపాడు ఉన్న ఒడ్డు నిజాం రాజ్యం. అటువైపు వాళ్లకు ఆసరా 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పట్టాదారు ఎవరో, సాగు ఎవరిదో అందులో రాశారు. అవతలి ఒడ్డున ఉన్న భద్రాచలం కథ వేరు. 1860లో నిజాం నుంచి ఇంగ్లిషువాళ్ల చేతికి వెళ్లి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిసింది. 1874లో మద్రాసుకు మారింది. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం పట్టణాన్ని మినహాయించి చుట్టూ ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో కొత్తగూడెం జిల్లా పుట్టింది. ఊరు కదల్లేదు, ఊరి కాగితాలే ఇన్ని ఆఫీసులు తిరిగాయి! ఇవతల ‘పహాణీ’ అని అడగాలి, అవతల ‘అడంగల్’ అని అడగాలి.

కాగితం దొరికినా చిక్కు తీరదు. రాసిన పట్వారీకి కోయభాష రాకపోవచ్చు. ఒకే మనిషి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉండొచ్చు. పోడు చేసుకుంటూ కుటుంబం ఊరు మారి ఉండొచ్చు. ఆడవాళ్ల పేర్లు అసలు ఉండకపోవచ్చు. ‘ఈ పేరున్నది మా తాతే’ అని తేల్చడానికి మళ్లీ గూడెం పెద్దే కావాలి.

ఇదంతా సరదా కోసమే అయితే ఇంత శ్రమ ఎందుకనిపించొచ్చు. కానీ ఇక్కడ తాత పేరుకీ మనవడి చేనుకీ ముడి ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగుచేసుకుంటున్న గిరిజనులు హక్కుపత్రం కోరవచ్చు. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అడవినే నమ్ముకుని అక్కడే ఉంటున్నట్టు చూపించాలి. దానికి ఆధారాలేమిటో నిబంధనల్లోనే ఉంది. పాత రికార్డుల్లో ఉన్న మనిషి దాకా వెళ్లే వంశవృక్షం ఒక ఆధారం. ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం ఒకటి. పాత బావి, శ్మశానం, వేల్పు చోటు కూడా ఆధారాలే. అయితే ఒక్కటి చాలదు. ఒకటి కంటే ఎక్కువ ఉండాలి.

చనిపోయినవాళ్ల గుర్తుగా రాయి పాతడం కోయల పాత ఆచారం. 19వ శతాబ్దంలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే మతబోధకుడు కోయల ఆచారాల గురించి రాశాడు. ఆయన రాతల్ని 1909లో థర్‌స్టన్ తన కులాలు, తెగల సంపుటాల్లో వాడుకున్నాడు. దారిన పోయేవాళ్లకు అది ఉత్త రాయి. అది ఏ తాతదో చెప్పగల మనవడికి సాక్ష్యం. చెప్పలేకపోతే ఆ మనవడికీ ఉత్త రాయే.

అందుకే మొదలుపెట్టాల్సింది ఆఫీసు దగ్గర కాదు, ఇంట్లో మంచం మీదున్న అవ్వ దగ్గర. ఓ నోటుపుస్తకం చాలు. ‘ఏ సంవత్సరం?’ అని అడిగితే ఆమె చెప్పలేదు. ‘పోలీసు చర్య అప్పటికి నీకు పెళ్లయిందా అవ్వా?’ అంటే చెబుతుంది. అది 1948. ‘గోదారి ఊళ్లు ముంచిన ఏడు మా నాన్న ఎంతవాడు?’ అన్నా చెబుతుంది. అది భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు చేరిన 1986. తాత అన్నదమ్ములెవరు, అక్కచెల్లెళ్లను ఏ ఊరిచ్చారు, అవ్వ పుట్టింటివాళ్లది ఏ గట్టు... ఆడబిడ్డల పేర్లు వదలకుండా రాయాలి. రికార్డు వదిలేసినవాళ్లు వాళ్లే కాబట్టి. రాసింది ఆమెకే చదివి వినిపించాలి. తప్పుంటే దిద్దుతుంది, మరిచిపోయింది గుర్తొస్తే కలుపుతుంది. సెల్‌ఫోనులో గొంతు కూడా రికార్డు చేస్తే మరీ మంచిది. ఆ తర్వాత పహాణీ నకలు కోసం తహసీల్దారు ఆఫీసుకు వెళ్లొచ్చు.

పహాణీ నకలు ఈ నెల కాకపోతే వచ్చే నెల తీసుకోవచ్చు. అవ్వను మాత్రం ఈ ఆదివారమే అడగాలి.