చెవికీ కాస్త హోంవర్క్ ఇద్దాం



"పిల్లలకు సంగీతం నేర్పించాలని ఉంది మేడమ్, భైంసాలో నేర్పేవాళ్లు ఎక్కడున్నారు?" అని మీలో చాలామంది అడుగుతుంటారు. కొందరు కీబోర్డ్ కొనిచ్చి యూట్యూబ్‌కు అప్పగిస్తారు. నెల తిరిగేసరికి రెండు సినిమా పల్లవులు వస్తాయి, ఆ తర్వాత కీబోర్డ్ బీరువా పైకి చేరుతుంది. ఆన్‌లైన్‌లో సంగీతం రాదని తేల్చేస్తాం.

నేనైతే వస్తుందనే అంటాను. వీడియోకు బదులు ఆడియో పాఠం ఉండాలి, దాని వెనుక నేర్పే మనిషి ఉండాలి. వీడియో చూసే పిల్లలు వేళ్లు ఎటు కదులుతున్నాయో చూసి అలాగే నొక్కుతారు. బొమ్మ లేనప్పుడు స్వరాన్ని చెవితోనే వెతుక్కోవాలి. అలా దొరికిన బాణీ మరిచిపోరు. ఇంగ్లీష్ ఉచ్చారణ కూడా మేం ఇలాగే నేర్పుతాం: ముందు వినాలి, తర్వాత పలకాలి, పుస్తకం ఆ తర్వాతే.

అయితే పాట వేరు, పాఠం వేరు. మొత్తం పాడి రికార్డు చేస్తే అది పాట. దాన్నే చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను నెమ్మదిగా రెండుసార్లు పాడి, విద్యార్థి తిరిగి పాడేందుకు అంతే ఖాళీ వదిలి, చివర అసలు వేగంలో వినిపిస్తే అది పాఠం. కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలను మూడు కాలాల్లో సాధన చేయించడం ఈ పద్ధతే.

విదేశాల్లోని తెలుగు పిల్లలు ఇక్కడి గురువుల దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్న సంగతి మీకు తెలుసు. వీడియో కాల్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యుడు కలిసి పాడితే తాళం తప్పుతుంది. రికార్డు చేసిన పాఠానికి ఆ ఇబ్బంది లేదు. గురువు ఆడియో పంపుతారు, పిల్లలు సాధన చేసి తమ ఆడియో తిరిగి పంపుతారు, గురువు దిద్దుతారు. ఇందుకు మామూలు ఫోన్ చాలు.

ఈ పద్ధతి అవసరం మన ప్రాంతానికి ఇంకా ఎక్కువ. కర్ణాటక సంగీతానికి స్వరలిపి ఉంది, పుస్తకాలు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి. ఆదిలాబాద్ గోండుల కథాగాయకులైన పర్ధాన్లు కమానుతో వాయించే కిక్రీ తరతరాలుగా చెవి నుంచి చెవికే వచ్చింది. దీపావళికి ఆడే దండారి, గుస్సాడి దరువులూ అంతే. గుస్సాడి కళాకారుడు, మార్లవాయికి చెందిన కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్య గారి గొంతును సినిమా పాట ద్వారా లక్షలమంది విన్నారు. విన్నవాళ్లందరూ కిన్నెర పట్టలేరు. పట్టాలంటే పాఠం కావాలి. అవార్డు కళాకారుడికి గౌరవం తెస్తుంది, పాఠం శిష్యులను తెస్తుంది.

అందుకే మన జిల్లాల పెద్ద కళాకారుల చేత ఇలాంటి ఆడియో పాఠాలు చెప్పించాలి. పెళ్లిళ్లలో వాయించే బ్యాండ్ కుర్రాళ్లు, భజన మండలి సభ్యులు, కీబోర్డ్ నేర్చుకునే మన పిల్లలు వాటిని నేర్చుకోవచ్చు. ఇందులో రెండు నియమాలు తప్పవు. ట్యూషన్‌కు ఇచ్చినట్టే ఆ కళాకారులకూ ఫీజు ఇవ్వాలి. ఏ బాణీ అందరికీ నేర్పవచ్చో, ఏది దేవుడి కార్యానికే ఉంచాలో నిర్ణయించే హక్కు వాళ్లదే.

"ఇప్పటికే ఫోన్ వదలడం లేదు, ఇంకా ఇదొకటా?" అని మీరు అనవచ్చు. ఫోన్‌ను బోర్లా పెట్టండి. రోజుకు పదిహేను నిమిషాలు స్పీకర్‌లో వింటే చాలు, స్క్రీన్ చూసే పనే లేదు. ఆడియోతో రానివీ ఉన్నాయి: వాద్యం పట్టుకునే తీరు, కమాను ఒత్తిడి, తీగ బిగింపు. వాటికోసం అప్పుడప్పుడు గురువు ఎదుట కూర్చోవాల్సిందే. ఆడియో గురువుకు సాయం చేస్తుంది, గురువు స్థానం తీసుకోదు.

మొదలు మన ఇంటి నుంచే పెడదాం. తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపించే ఊరు మనది. ఒక ఇంట్లో నానమ్మకు బతుకమ్మ పాటలు వస్తాయి, మరో ఇంట్లో తాతకు అభంగాలు వస్తాయి. ఈ ఆదివారం ఒక్క పాటను పైన చెప్పినట్టు ముక్కలుగా, ఖాళీలు వదులుతూ పాడమని అడిగి రికార్డు చేయండి. వారం రోజులు పిల్లలను విననివ్వండి. తర్వాత పెద్దల ముందే పాడించి, తప్పులు వాళ్లనే దిద్దమనండి.

వార్షికోత్సవంలో సినిమా పాటలకు డాన్సులు ఎలాగూ ఉంటాయి. ఇలా నేర్చుకున్న మన ప్రాంతపు బాణీ ఒక్కటైనా ఉండాలని టీచర్‌గా నా కోరిక. దానికి మీ ఇంటి నుంచి ఒక పాట కావాలి.