పిల్లికైనా పరీక్షే ముందు
పెంపుడు పిల్లి ట్రేలో పదేపదే కూర్చుని చుక్కచుక్కగా మూత్రం పోస్తుంటే చాలామంది యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేయమంటారు. నిజానికి వయసులో ఉన్న పిల్లుల్లో ఈ బాధకు బ్యాక్టీరియా కారణం కావడం అరుదు. ఇన్ఫెక్షన్ బెడద కిడ్నీ జబ్బు, మధుమేహం ఉన్న ముసలి పిల్లులకే ఎక్కువ. అనవసరంగా వాడిన ప్రతి యాంటీబయాటిక్ కూడా ఈ-కోలై వంటి బ్యాక్టీరియాను మందులకు లొంగకుండా మొండిగా మార్చగలదు. మనుషుల చికిత్సలో కీలకమైన మూడో తరం సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్‌లకూ లొంగని రకాలు పిల్లుల్లో బయటపడ్డాయి. ఒకే ఇంట్లో మసిలే మనిషికీ పిల్లికీ మధ్య అవి అటూ ఇటూ పాకగలవు.

అందుకే సూదితో మూత్రాశయం నుంచి తీసిన మూత్ర నమూనాను కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయించి, పనిచేసే మందే వాడాలి. మామూలు ఇన్ఫెక్షన్‌కు 3 నుంచి 5 రోజుల కోర్సు చాలని 2019 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో మిగిలిన మాత్రలు వేయడం మానాలి. పశువైద్యశాలల్లో కల్చర్ సౌకర్యం కల్పించే బాధ్యత ప్రభుత్వాలదే.