వాళ్ల లెక్క తప్పితే మన నోటికాడి కూడు లాగుతారా?

ముప్పై ఏళ్లు ఆఫీసు ఊడ్చినోడు, హాస్టల్లో వండిపెట్టినామె, ఆస్పత్రి వార్డులు కడిగినోడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఒక కాగితం వస్తుంది. 'నీ జీతం లెక్కలో పొరపాటు జరిగింది, ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు, లేకుంటే పెన్షన్లో కోస్తాం' అని. కొన్నిసార్లు కాగితం కూడా రాదు. బ్యాంకుకు పోతే డబ్బు తక్కువ పడి ఉంటుంది.

మేం అడుగుతున్నాం. ఇంక్రిమెంటు లెక్క కట్టిందెవరు? సర్వీసు రిజిస్టరు రాసిందెవరు? సంతకం పెట్టిందెవరు? ఇన్నేళ్లూ ఆడిట్ ఏం చూసింది? ఆ రిజిస్టరున్న బీరువా తాళంచెవి మనవాళ్ల చేతిలో ఎన్నడూ లేదు. వచ్చిన జీతం బియ్యానికీ పిల్లల ఫీజులకూ ఎప్పుడో అయిపోయింది. తప్పు రాసినోడికి నోటీసు లేదు, తిన్నోడికి నోటీసు! పైగా వాడలో 'సర్కారు సొమ్ము తిన్నాడు' అనే నింద. అప్పుకన్నా ఆ మాటే ముసలి ప్రాణాన్ని కుంగదీస్తుంది.

పెన్షన్ ఎవరి దయా కాదు, చేసిన చాకిరీకి హక్కు. సుప్రీంకోర్టు 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులోనే ఈ మాట తేల్చింది. 2014 డిసెంబరు 18న పంజాబ్‌కు చెందిన రఫీక్ మసీహ్ కేసులో వసూళ్ల సంగతీ చెప్పింది. ఆ కేసులో ఆయన పేరు పక్కనే 'వైట్ వాషర్', అంటే గోడలకు సున్నం వేసేవాడు అని ఉంటుంది. మూడో, నాలుగో తరగతి ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల దగ్గర ఇట్లాంటి వసూలు చెల్లదంది. ఐదేళ్లకు మించి ఎక్కువ ఇచ్చుకుంటూ వచ్చి, తర్వాత కట్టమన్నా చెల్లదంది. 1999లో రిటైరైన కేరళ ఉపాధ్యాయుడు థామస్ డేనియల్‌ను కూడా 2022లో ఇదే న్యాయం కాపాడింది.

అయితే రెండు మెలికలున్నాయి. ఉద్యోగి మోసం చేసి తీసుకుని ఉంటే ఈ రక్షణ లేదు. 'ఎక్కువొస్తే తిరిగి కడతాను' అని ముందే రాసిచ్చి ఉంటే వసూలు చెయ్యొచ్చని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు అంది. అందుకే చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం, వేలిముద్ర పెట్టొద్దు.

నోటీసు వస్తే భయపడి కట్టకండి, ఒప్పుకోలు రాసివ్వకండి. ఏ ఏడాది ఎంత ఎక్కువిచ్చారో లెక్క కాగితం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రఫీక్ మసీహ్ తీర్పు పేరు రాసి జవాబు పంపండి, రసీదు దాచుకోండి. అయినా కోత పెడితే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. లాయరుకు డబ్బు లేదని ఆగొద్దు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు పోయి అడగండి.

సంఘం కార్యకర్తలారా! మీ వాడలో రిటైరైనవాళ్ల ఇళ్లకు ఈ వారమే పోండి. వాళ్ల కాగితాలు చదివి చెప్పండి. తీర్పు ఎక్కడో ఢిల్లీలో ఉంటే చాలదు, అది మన ముసలోళ్ల చేతికి రావాల.

జై భీమ్!