మేలు చేసే దగ్గు, హెచ్చరించే దగ్గు

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకోవడం మన ఇళ్ళలో అలవాటు. ఏ రాష్ట్రంలో స్థిరపడినా ఈ మాట మనల్ని వదలలేదు. కానీ గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారికి పొలమారితే మాత్రం అలా ఊరుకోకూడదు.

మనం మింగేటప్పుడు స్వరతంత్రులు దగ్గరకు వచ్చి శ్వాసనాళాన్ని మూస్తాయి. ఆపరేషన్‌లో ఊపిరి అందించే గొట్టాన్ని ఈ తంత్రుల మధ్య నుంచే వేస్తారు. అది రెండు రోజులకు మించి ఉంటే మింగడం కష్టమయ్యే అవకాశం పెరుగుతుంది. పైగా ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపును చుట్టి పైకి వస్తుంది. ఆ నరం దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది, తాగిన నీళ్ళు శ్వాసనాళంలోకి జారతాయి. దానివల్ల న్యుమోనియా రావచ్చు.

కఫాన్ని బయటకు తెచ్చే దగ్గు మేలు చేస్తుంది. నొప్పికి భయపడి దాన్ని ఆపుకోకూడదు. దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. కోసిన ఎముక అతకడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. అంతవరకు దిండు చేతికందేలా ఉంచండి.

తినేటప్పుడో తాగేటప్పుడో వచ్చే దగ్గు హెచ్చరిక. కొందరికి దగ్గు రాకుండానే లోపలికి జారుతుంది. నీళ్ళు తాగాక గొంతు గురగురలాడుతోందా అని గమనించండి.

పడుకోబెట్టి ఏదీ పట్టించకండి. నిటారుగా కూర్చోబెట్టండి. గ్లాసు ఎత్తి నోట్లో పోసుకునే అలవాటు ఈ రోజుల్లో మానాలి. తల వెనక్కి వాలితే ప్రమాదం ఎక్కువ. కొద్దికొద్దిగా, చెంచాతో ఇవ్వండి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించకండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి. నోరు శుభ్రంగా ఉంచండి. పల్చటి నీళ్ళే ఎక్కువగా పొలమారతాయి. వాటిని చిక్కగా చేసి ఇవ్వాలా అన్నది డాక్టరు చెప్పాలి. మాత్రలను కూడా అడగకుండా పొడి చేయకండి.

ఎనాలప్రిల్, రామిప్రిల్ వంటి మందులవల్ల కొందరికి పొడిదగ్గు వస్తుంది. సొంతంగా మానేయకండి, డాక్టరు వేరే మందు రాస్తారు.

జ్వరం, ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కఫంలో రక్తం, దగ్గినప్పుడు ఛాతీ ఎముక కదిలినట్లు అనిపించడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మింగడాన్ని పరీక్షించేది స్పీచ్ థెరపిస్టులని చాలామందికి తెలియదు. కర్ణాటకలోని మనవారికి మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అందుబాటులో ఉంది. ఏది తాగితే, ఎలా కూర్చున్నప్పుడు పొలమారిందో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. అదే వారికి సగం పని.