పహాణీ తాళంచెవి ఎవరి చేతిలో?

మన భూమి కాగితం ఇప్పుడు పట్వారీ సంచిలో లేదు, సర్వర్‌లో ఉంది. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినా మనం అడగాల్సిన ప్రశ్న మారలేదు: ఆ సర్వర్‌లోని ఫైళ్లను దూరం నుంచి ఎవరెవరు తెరవగలరు?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్న మన పిల్లల్ని అడిగినా చెబుతారు. డేటాబేస్ పట్టికలను దాచడంతో ఆగదు. మైఎస్‌క్యూఎల్ వంటి వాటిలో సర్వర్‌పై ఉన్న ఇతర ఫైళ్లను చదివే, రాసే అధికారం కూడా ఒక ఖాతాకు ఇవ్వొచ్చు. వెబ్‌సైట్ వాడే ఖాతాకే ఆ అధికారం ఉండి, సర్వే నంబరు నింపే గడిలో లోపం ఉంటే, ఎక్కడో కూర్చున్న దొంగకు ఆ ఫైళ్లు చిక్కే ప్రమాదం ఉంది.

దస్తావేజులు పరుల చేతిలో పడితే ఏమవుతుందో 2018లో పెద్దపల్లి జిల్లాలో చూశాం. అక్కడ సర్వర్‌లోకి చొరబడాల్సిన పని కూడా లేకపోయింది. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో దొరికిన దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు చేసి, వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడంటూ ఒక వ్యాపారిని పోలీసులు అరెస్టు చేశారు. పాస్‌వర్డు మార్చుకోవచ్చు, వేలిముద్ర మార్చుకోలేం.

అందుకే మేం కోరుతున్నాం. వెబ్‌సైట్ ఖాతాలకు ఫైళ్లు తెరిచే అధికారం ఉండకూడదు. డేటాబేస్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు వదలకూడదు. దూరం నుంచి ఎవరు ప్రవేశించినా నమోదు కావాలి. స్వతంత్ర ఆడిట్ జరిపించి, దాని ఫలితాన్ని ప్రజల ముందు పెట్టాలి. రికార్డులో ఒక్క అక్షరం మారినా రైతు ఫోనుకు కబురు రావాలి. పొలానికి కంచె మనం వేసుకుంటాం, రికార్డుకు కంచె వేయాల్సింది సర్కారే.