సంతకి ముందు రోజు ఇంటికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి



మన గ్రూపులో నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్ వార్తలే ఎక్కువ వస్తాయి కదా, ఈ రోజు వేరే విషయం రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని నేనే, విశాఖ హాస్టల్లో ఉంటున్నా. ఊర్లో సిగ్నల్ లేదు. కాఫీ తోట దాటి గట్టెక్కితే ఒక బండ దగ్గర రెండు గీతలు వస్తాయి. సాయంత్రమైతే ఆ బండ దగ్గర పది మంది ఉంటారు, అందరూ అరుస్తూనే మాట్లాడతారు. అమ్మ "తిన్నావా" అంటుంది, నేను "తిన్నా" అంటాను. "డబ్బులున్నాయా?" "ఉన్నాయి." కట్. రెండేళ్లు మా మాటలు ఇంతే.

పోయిన సంవత్సరం నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. క్లాసులో ఇంగ్లీషు అర్థం కాదు, అడగాలంటే సిగ్గు. చదువు మానేసి నాన్నతో మిరియాలు కోసుకుందామని బ్యాగు సర్దేశాను. ఆ మాట బండ దగ్గరున్న అమ్మకి ఎలా చెప్పను? పక్కనే పెదనాన్న వింటాడు. రాసి పంపుదామంటే అమ్మకి చదువు రాదు. సంతాలీవాళ్ల ఓల్ చికి 2008లో, గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చాయి. సంతోషమే. కానీ ఏ లిపి వచ్చినా మా అమ్మ చదవలేదు, వినగలదు.

ఆ రాత్రి మేడ మీదకెళ్లి మా భాషలోనే నాలుగు నిమిషాలు రికార్డు చేసి నాన్న ఫోన్‌కి పెట్టాను. మూడు రోజులు ఒకటే టిక్కు. నాన్న సంతకి దిగాకే రెండోది పడింది. మళ్లీ సంతకి అమ్మ జవాబు వచ్చింది, వెనకాల కోళ్ల అరుపులతో. "వస్తే రా, అన్నం ఉంది. కానీ ఆ పరీక్ష రాసి రా" అంది. బ్యాగు విప్పేశాను. ఒకటి పాసయ్యాను, ఇంకోటి ఇంకా ఉంది.

ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అమ్మకి ఫోన్ నొక్కడం రాదు, దసరా సెలవులకి వచ్చిన తమ్ముడు వినిపించాడు. నా ఏడుపంతా వాడూ విన్నాడు. ముందు కోపమొచ్చింది. తర్వాత సెలవులు అయ్యేలోపు వాడే నాకు ఒకటి పెట్టాడు, ఆశ్రమ పాఠశాలలో లెక్కలంటే భయమేస్తోందని. ఎదురుగా కూర్చుంటే వాడు నాతో అలాంటివి మాట్లాడడు.

ఫోన్ వల్లే పిల్లలు పాడవుతున్నారని పెద్దలంటారు. నేనూ రాత్రి రెండింటి దాకా రీల్స్ చూస్తాను, అబద్ధమెందుకు. అయితే ఆ ఫోన్లోనే ఇంటికి రెండు నిమిషాలు మాట్లాడొచ్చు. "మనీ పంపండి" అని తప్ప ఇంటికి మెసేజే పెట్టనివాళ్లు మన హాస్టళ్లలో చాలామందిమి ఉన్నాం. అక్కచెల్లెళ్లకి ఇంకా కష్టం, బండ దగ్గర అందరి ముందూ వాళ్లేం చెప్పగలరు?

కాబట్టి నా మాట ఇది. సొంత భాషలో పెట్టండి, చిన్నగా పెట్టండి. చివర్లో ఇంట్లోవాళ్లని ఒక ప్రశ్న అడగండి, లేకపోతే జవాబు రాదు. ఒంట్లో బాగోకపోతే మాత్రం మెసేజ్ కాదు, ఎలాగైనా ఫోన్ చెయ్యండి.

రేపు మా సంత. ఈసారి పసుపు ఎంతకి పోయిందో అమ్మని అడగాలి.